నిండు తొమ్మిది

ఇవాళ మాట్లాడేవాళ్ళ కాగితం మీద నా పేరుకి పైన ఇంకా ఆరు పేర్లున్నాయి. పేర్లు లెక్కపెట్టొచ్చు, అవి కాగితం మీద గీతలు కాబట్టి. ఆ పేర్లు మోసే మనుషుల్ని మాత్రం లెక్కపెట్టకూడదు. మా కొండల మీద పిల్లల్ని వేలుపెట్టి చూపిస్తూ ఒకటి, రెండు అనేవాడు ఎవడూ లేడు. అన్నవాడి వేలు నరకాలన్నంత కోపం వస్తుంది ముసలమ్మలకి. లెక్కకి అందింది చావుకి అందుతుంది అంటారు. అందులోనూ పది. మనుషుల దగ్గర పది అనే మాటే నోటికి రానివ్వం, నిండు తొమ్మిది అంటాం. ఈ షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూచున్న ప్రతి ఒక్కరికీ అది తల్లిపాలతో పాటు వచ్చిన సంగతి. మరి ఎదురుగా ఎర్ర సోఫాలో, ఈ జులై ముసురు చలికి మేం కప్పిన కొత్త దుప్పట్లో, పెళ్ళికొడుకులా నవ్వుతూ కూచున్న గథోగో మాస్టారికి తెలియదా? తెలిసే చేశాడా? ముప్పై నాలుగేళ్ళుగా నా గొంతులో ఇరుక్కున్న ముల్లు అదొక్కటే. ఇవాళ ఆయన రిటైరవుతున్నాడు. ఇవాళ ఆ ముల్లు తీస్తాను. తీసి ఎక్కడ గుచ్చాలో కూడా నాకు తెలుసు.

సర్కారు పెట్టిన మా కొండ పెద్ద, చీఫ్ మాట్లాడుతున్నాడు, మైకు కీచుమంటోంది, ఈ కొండకి దీపం పెట్టిన మనిషి అంటున్నాడు, దీపం పెట్టాడు నిజమే, ఎవరి వేళ్ళు కాలాయో చీఫ్‌కేం తెలుసు. సోఫా వెనకే ఒకటో తరగతి గది. తలుపు తీసే ఉంది, వంట పొగ అందులోకి పోతోంది, బంగాళాదుంపలూ మొక్కజొన్నా కలిపి మెదిపిన ముకిమో వాసన, మేక మాంసం వాసన, వాటి అడుగునెక్కడో ఇంకా ఆ సుద్ద వాసన. పాత బ్యాటరీల మసి పూసిన గోడే మాకు నల్లబల్ల. ఆయనకప్పుడు ఇరవై ఆరేళ్ళుంటాయి, మొదటి ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, బురదలో కూడా బూట్లు మెరిసేవి. డస్టర్ పైకెత్తి వాట్ ఈజ్ దిస్ అనేవాడు, మేం దిస్ ఈజ్ ఎ డస్టర్ అని పైకప్పు రేకులు అదిరేలా అరిచేవాళ్ళం. సుద్ద, డస్టర్, రూలు, పెన్సిలు, బెంచీ, కిటికీ. ఇంట్లో వాటిలో ఒక్కటీ లేదు, అందుకే వాటికి మా భాషలో పేరున్నట్టే అనిపించేది కాదు, అవి ఇంగ్లీషులోనే పుట్టాయనుకునేదాన్ని. లెక్కలకి సోడా, బీరు సీసాల మూతలు. తలా పది తేవాలి. మా నాన్న తాగడు, అందుకని బారు వెనక బురదలో గోళ్ళతో తవ్వి తెచ్చాను, కడిగి, మేకుతో చిల్లు పొడిచి, తీగకి గుచ్చి మెళ్ళో వేసుకెళ్ళాను. చూసి నవ్వాడు. రాణీగారు వచ్చారు అన్నాడు. ఆ నవ్వు కోసం నేను ఆయన నడక కూడా నేర్చుకున్నాను, ఇంటి వెనక అరటిచెట్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచేదాన్ని. ఆ మనిషంటే నాకంత ఇష్టం. ఇష్టం లేనివాడు కొడితే దెబ్బ చర్మం మీద ఆగుతుంది.

కొట్టేముందు తొందరపడేవాడు కాదు, అది చెప్పాలి. ఎవరైనా నోరుజారి మన భాషలో జవాబు చెబితే బెత్తం బెంచీ మీద ఆనించి నిలబడేవాడు. ఇంగ్లీషులో చెప్పు అనేవాడు మెల్లగా. వాడికి రాదు. ఇంగ్లీషులో చెప్పు. వాడు ఏడుపు మొహం పెడతాడు. నాకు తొందర లేదు అనేవాడు. ఆ మాటకి నిక్కర్లు తడిసేవి.

"ఏమే టీచరమ్మా, కర్రెందుకు తెచ్చావ్? మాస్టారికి బహుమానమా, మనకి దెబ్బలా?" పక్కనుంచి న్యగూథి మోచేత్తో పొడుస్తోంది.

"పాఠం చెప్పడానికి."

"సన్మానంలో కూడా పాఠమేనా తల్లీ! అన్నం పెట్టాక చెప్పు, ఖాళీ కడుపుతో నాకు ఇంగ్లీషు ఎక్కదు."

ఎండిన టీ కొమ్మ కర్ర. ముసలి మొక్క పీకేస్తే దాని మొదలు నుంచి కోసి, గాజుపెంకుతో గీకి, నూనె రాసి నున్నగా చేశాను, మూడు వారాలు పట్టింది. ఆయన బెత్తమూ టీ కొమ్మదే. న్యగూథి నా సాయంత్రం బడిలో మనిషి. టీ ఆకు తూకం అయ్యాక ఆడవాళ్ళం ఇదే ఒకటో తరగతి గదిలో చేరతాం, ఈ చిన్న బెంచీల్లోనే మోకాళ్ళు ముడుచుకుని. మొదటిరోజు న్యగూథి కూచుని, "సగమే పట్టింది, సగం పిర్రని ఇంగ్లీషులో ఏమంటారే?" అంది, ఆ రోజు ఇంక పాఠం సాగలేదు, నవ్వి నవ్వి చచ్చాం. ఎరువు బస్తా మీద ఏముందో, ఫ్యాక్టరీ గోడ మీద అంటించిన నోటీసులో ఏముందో చదవాలని వస్తారు. నన్నెవరు చేశారు టీచర్ని? ఎవరూ చెయ్యలేదు. మూడో తరగతిలో బడి మానేశాను, మిగతాదంతా ఎరువు బస్తాలూ, మాంసం చుట్టిన పేపర్లూ, మందు సీసాల చీటీలూ నేర్పాయి. నా ఇంగ్లీషుకి నునుపు లేదు. ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి నా తప్పులు దిద్దబోతే, నోటీసులో నీ అబద్ధాలు ముందు దిద్దు, తర్వాత నా గ్రామరు చూద్దాం అన్నాను. అందుకే నా నోరంటే భయం, అందుకే పాత విద్యార్థుల తరఫున వముయు మాట్లాడుతుంది అని నా పేరు రాశారు, రాయకపోతే అరుస్తానని. మంచి పనే చేశారు. చీఫ్ దిగిపోయాడు. ఇంక అయిదు పేర్లు.

పాస్టర్ లేచాడు, ఇంక ఈయన ఆగడు, ఆగకపోతే మంచిదే, నాకు ఆ రోజంతా మళ్ళీ ఒకసారి చూసుకోవాలి, ఎక్కడా తప్పు పోకూడదు. ఆగస్టులో బడి మూసే రోజు. తల్లిదండ్రులు గడ్డి మీద కూచున్నారు, సరిగ్గా ఇప్పుడు ఆ సోఫా ఉన్న చోటే. జిల్లా నుంచి ఇనస్పెక్టరు వచ్చాడు, నల్లకళ్ళద్దాలు. గథోగో మాస్టారు నన్నే ముందుకి పిలిచాడు, నేను ఆయన రాణీగార్ని కదా. వాట్ ఈజ్ దిస్? దిస్ ఈజ్ ఎ రూలర్. హౌ మెనీ విండోస్? ఫోర్ విండోస్. హౌ మెనీ బెంచెస్? ట్వెల్వ్ బెంచెస్. ఇనస్పెక్టరు ఆవులించాడు. ఆ ఒక్క ఆవులింత. దాన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. మాస్టారి మొహం మాడిపోయింది, గడ్డి వైపు చూశాడు, అక్కడ మా అమ్మ, చుట్టూ మేమందరం, అన్నలూ అక్కలూ, అమ్మ వీపు మీద గుడ్డలో చిన్నాడు. ఈ కుటుంబం లేచి నిలబడండి అన్నాడు. అమ్మకి గర్వం, బహుమతి ఇస్తారనుకుంది, నవ్వుతూ లేచింది. మాస్టారు బెత్తం నా చేతికిచ్చాడు. మొదటిసారి ఆయన బెత్తం నా చేతిలో, నున్నగా, వెచ్చగా. కౌంట్ యువర్ బ్రదర్స్ అండ్ సిస్టర్స్, నిన్ను కూడా కలుపుకో, అన్నాడు.

నాకు ఏడేళ్ళు. సోడా మూతలు పది లెక్కపెట్టి పెట్టి నాలిక అరిగింది, ఆ పరుగులోనే మొదలెట్టాను, వన్ అన్నాను పెద్దన్న మీద బెత్తం పెట్టి. రెండో అన్న దగ్గర అమ్మ మొహంలో నవ్వు ఆగింది. ఇంగ్లీషు రాదుగానీ కర్ర ఏం చేస్తోందో ఆమెకి తెలుసు. గడ్డి మీద ఆడవాళ్ళు నాలికలు చప్పరించారు. నాకు చెవులు మూసుకుపోయాయి, మాస్టారి నవ్వొక్కటే కనిపిస్తోంది, సెవెన్ అని నన్ను నేనే పొడుచుకున్నాను, ఎయిట్, నైన్. బెత్తం అమ్మ వీపు దగ్గరికొచ్చింది. గుడ్డలోంచి రెండు చిన్న పాదాలు వేలాడుతున్నాయి. అక్కడ మా నాయనమ్మ గొంతు నాలోంచి వచ్చింది, నేను పిలవలేదు, అదే వచ్చింది. నిండు తొమ్మిది అన్నాను, మా భాషలో.

ఇంగ్లీషులో చెప్పు అన్నాడు.

నిండు తొమ్మిది. బెత్తం నా చేతిలోంచి లాక్కుని పిక్కల మీద కొట్టాడు, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. ఇంగ్లీషులో చెప్పు. ఇనస్పెక్టరు కళ్ళద్దాలు తీసి చూస్తున్నాడు, ఆవులింత పోయింది. నాకు తొందర లేదు. మూడు దెబ్బలు. నాలుగో దానికి నేను బెత్తం ఎత్తి చిన్నాడి పాదానికి తగిలించి టెన్ అన్నాను. వాడు బెత్తం కొన పట్టుకుని లాగాడు, ఆటనుకున్నాడు. ఇనస్పెక్టరు చప్పట్లు కొట్టాడు. వెరీ గుడ్ అన్నాడు.

వాడి పేరు న్జోగు, అంటే ఏనుగు. ఏనుగంట, నా అరచేతిలో పట్టే పిర్రలు వాడివి. పన్నెండో రోజుకి తట్టు వచ్చి పోయాడు. అమ్మ ఏడవలేదు. పూడ్చి వచ్చాక నా కుడిచెయ్యి పట్టుకుంది, చూపుడువేలు విడదీసి చూసింది, ఏదైనా దొంగ వస్తువు నా దగ్గర దొరికినట్టు. "నువ్వు లెక్కపెట్టావు," అంది. అంతే. అప్పట్నుంచి నా పేరు పిలవలేదు. ఓయ్ అంటుంది, ఆ పిల్ల అంటుంది, నాకు నలభై ఒక్కటొచ్చినా ఆ పిల్లే. నా చేతి టీ తాగుతుంది, గిన్నె కింద పెడితే తీసుకుంటుంది, చేతికిస్తే తీసుకోదు. మాస్టారిని మాత్రం ఒక్క మాట అనలేదు. అక్క అడిగితే, "ఆయన చదువుకున్నవాడు, వేరే కొండ నుంచి వచ్చాడు, ఆయనకేం తెలుసు, దీనికి తెలుసు," అంది. వేరే కొండ! మా పొయ్యి పొగ ఆ కొండకి కనిపిస్తుంది. అక్కడి ముసలమ్మలూ మన ముసలమ్మలే. ఆయన తల్లి కూడా ఆయన్ని లెక్కపెట్టకుండానే పెంచింది. కానీ అమ్మకి ఎవరో ఒకరు కావాలి, దగ్గర్లో ఉన్నది నేను, నా వేలు.

రెండు పేర్లు అయ్యాయో మూడో, చూసుకోలేదు. హెడ్‌మిస్ట్రెస్ చదువుతోంది. న్యగూథి కునుకుతోంది. నేనేం గుడ్డి నమ్మకాల మనిషిని కాదు. లెక్క చంపదు, తట్టు చంపుతుంది. దవాఖానాలో సూదిమందు లేక, ఉన్నా నర్సు రాక, పిల్లలు పోయారని నాకు ఇరవై ఏళ్ళప్పుడు తెలిసింది. తెలిసి ఊరుకున్నానా, ఆడవాళ్ళని వెంటేసుకుని దవాఖానా గుమ్మంలో మూడు రోజులు కూచున్నాను, మందు వచ్చేదాకా లేవలేదు. అమ్మకి చెప్పాను, అమ్మా, తట్టు అమ్మా, నేను కాదు. వింది. "తట్టు కొండంతా తిరిగింది," అంది, "మా ఇంట్లోకి మాత్రం లెక్క విన్నాకే వచ్చింది." నా బడిలో కూడా ఆడవాళ్ళు పిల్లల్ని లెక్కపెట్టరు. దవాఖానాలో ఎందరు పిల్లలని ఇంగ్లీషులో అడుగుతారే, ఏం చెప్పాలి అంది న్యగూథి ఒకరోజు. నేను ఒక్క నిమిషం ఆలోచించాను, ఒక్క నిమిషమే పట్టింది, మీ ఇంట్లో కంచాలెన్ని అన్నాను. కంచాలు లెక్కపెట్టొచ్చు కదా! సెవెన్ ప్లేట్స్ అంది న్యగూథి, మొహం వెలిగిపోయింది. ఇప్పుడు మా కొండ ఆడవాళ్ళు నర్సుకి కంచాలే చెబుతారు, నర్సు నవ్వుకుని రాసుకుంటుంది. ఆ రాత్రి ఇంటికెళ్ళి గోడకేసి తల కొట్టుకున్నాను. ఒక్క నిమిషం. మూడో తరగతి చదివిన నాకు ఒక్క నిమిషం పట్టింది. ట్రైనింగ్ అయినవాడు, బూట్లు మెరిసేవాడు, హౌ మెనీ ప్లేట్స్ అని అడిగి ఉంటే సరిపోయేది. తట్టు వచ్చేది, న్జోగు పోయేవాడు, కానీ నాకు అమ్మ మిగిలేది. ఆ రాత్రే ఈ కర్ర మొలిచింది నాలో.

సోఫాకి అటూ ఇటూ ఆయన మనవలు, కొత్త బట్టల్లో, నైరోబీ నుంచి వచ్చారు, సోడా తాగి ముక్కుల్లోంచి బుడగలు తెప్పించుకుంటున్నారు. నేను వాళ్ళని లెక్కపెట్టలేదు. పేర్లు కనుక్కుని రాసుకున్నాను. పేర్లు పది. పదోది కోడలి ఒళ్ళో పసుపు గౌనులో ఉంది, ఒక మేజోడు ఊడిపోయింది, ఆ పాదం వేలాడుతోంది. చూడకు. చూడాలి, చూడకపోతే కర్ర గురి తప్పుతుంది. ఆ పిల్ల ఏం చేసింది? న్జోగు ఏం చేశాడు? ఆ పిల్లకి సూదులన్నీ వేయించి ఉంటారు, ఆ పిల్లకి ఏమీ కాదు, నాకు తెలుసు. నాకు కావలసింది ఆయన మొహం. నేను లెక్కపెడతాను, ఆయన నవ్వుతూ కూచుంటే సరే, నమ్మకం లేనివాడు, తెలియకే చేశాడు, కర్ర ఆయన కాళ్ళ దగ్గర పెట్టి వచ్చేస్తాను, ముల్లు మింగేస్తాను. భయపడ్డాడా, అప్పుడు ఆ రోజూ తెలుసు. తెలిసీ ఒక ఆవులింత కోసం మా అమ్మ వీపు మీదున్న బిడ్డని ఏడేళ్ళ పిల్ల చేత పొడిపించాడు. అది అమ్మ చూడాలి. మూడో వరసలో ఉంది అమ్మ, తలగుడ్డ కిందికి లాక్కుని, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, తెరలు పడిన కళ్ళు. ఇంత దూరం కనిపిస్తుందా? వినిపిస్తుందిలే. చెవులు బాగా పనిచేస్తాయి, నేను గుమ్మం దాటితే చాలు వింటుంది, మొహం తిప్పుకోడానికి.

"వముయు! మన ఉక్కు నోరు వముయు! అమ్మా, ఫ్యాక్టరీ సంగతులు ఇవాళ వద్దు!" మైకు దగ్గర, పేర్లు పిలిచే కముంగే. అందరూ నవ్వుతున్నారు. లేచాను. పిక్కల మీద ఆనాటి దెబ్బలు ఎక్కడ పడ్డాయో సరిగ్గా అక్కడ చురుక్కుమంటోంది, అదేం జ్ఞాపకమో, చర్మానికి కూడా చదువొచ్చు కాబోలు. మైకు పక్కకి తోశాను, నాకక్కర్లేదు.

"మాస్టారూ, మీరు నేర్పిన పాఠం అప్పజెబుతాను."

"చెప్పమ్మా రాణీగారూ!" అన్నాడు. గుర్తుంది ముసలాడికి. రాణీగారు గుర్తుంటే మిగతాదీ గుర్తుంటుంది.

పొద్దున్నే గదిలోంచి తెచ్చి మైకు పక్కన పెట్టిన చిన్న బెంచీ మీంచి సుద్దముక్క ఎత్తాను. వాట్ ఈజ్ దిస్? షామియానా మొత్తం అరిచింది, ముసలాళ్ళు కూడా, దిస్ ఈజ్ ఎ చాక్! డస్టర్ ఎత్తాను, అరుపుకి షామియానా ఎగిరిపోయినంత పనైంది. హౌ మెనీ విండోస్? ఫోర్! మాస్టారు చప్పట్లు కొడుతున్నాడు, కళ్ళల్లో నీళ్ళు, దుప్పటి అంచుతో తుడుచుకుంటున్నాడు. ఏదో జాలి కదిలింది, దాన్ని తొక్కాను. ఇంక మనవల వైపు తిరిగాను. లేచి నిలబడండి నాన్నా అన్నాను. నవ్వుతూ లేచారు, నైరోబీ పిల్లలు, వాళ్ళకేం తెలుసు. కర్ర ఎత్తాను. వన్.

నవ్వులు ఇంకా ఆగలేదు. టూ. త్రీ. మూడో పిల్లాడు సైనికుడిలా సెల్యూట్ కొట్టాడు. ఫోర్ దగ్గర వెనక ఎవరో ఆడమనిషి నాలిక చప్పరించింది. ఫైవ్. "ఒసేయ్ వముయూ," అంది న్యగూథి, నిద్ర వదిలిపోయిన గొంతుతో, "ఒసేయ్, ఏం చేస్తున్నావే." సిక్స్. కముంగే మైకులో దగ్గాడు. సెవెన్ అన్నప్పుడు నన్ను నేనే పొడుచుకున్నట్టయింది. నేను మాస్టారి మొహమే చూస్తున్నాను. నవ్వు ఉంది. ఇంకా ఉంది. కానీ గోడకి కొట్టిన మేకులా ఉంది, వెనక మనిషి లేడు. ఎయిట్. వాన బడి పైకప్పు రేకుల మీద చప్పుడు చేస్తోంది, ఇంత చప్పుడుందని ఇందాక తెలియలేదు. నైన్. కర్ర మెల్లగా పసుపు గౌను వైపు తిప్పాను. కోడలు అయోమయంగా మామగారి వైపు చూసింది. ఆ పాదం. ఊడిన మేజోడు. పిల్ల కర్ర కొన చూసి చెయ్యి చాపింది, ఆటనుకుంది, వాడిలాగే, సరిగ్గా వాడిలాగే, ఒక్క క్షణం నాకు పది అనే మాటే ఏ భాషలోనూ గుర్తురాలేదు.

దుప్పటి జారిపోయింది. గథోగో మాస్టారు లేచి నిలబడ్డాడు, ఒక చెయ్యి ఆ పిల్ల పాదం మీద కప్పి, రెండో చెయ్యి నా కర్రకి అడ్డంపెట్టి. పెదవులు బూడిద రంగుకి తిరిగాయి.

"నిండు తొమ్మిది," అన్నాడు. మన భాషలో. వాళ్ళమ్మ నేర్పిన గొంతుతో. "నిండు తొమ్మిది అను తల్లీ. నీకు దణ్ణం పెడతాను, వముయూ, అలా అను."

మూడో వరసలో గ్లాసు కింద పడింది. చూశాను. అమ్మ తలగుడ్డ వెనక్కి తోసుకుని నిలబడి ఉంది. నా వైపు చూడటంలేదు. నా వేలు వైపు చూడటంలేదు. తెరలు పడిన ఆ కళ్ళు రెండూ ఆయన మీదే ఉన్నాయి, ముప్పై నాలుగేళ్ళు నా మీద ఉన్న చూపు బరువుతో, రెప్ప వెయ్యకుండా.

కర్ర దించి బెంచీ మీద ఆనించాను.

"ఇంగ్లీషులో చెప్పండి మాస్టారూ," అన్నాను మెల్లగా. "నాకు తొందర లేదు."